రెండు నిమిషాల కుర్చీ

నేను ఒక ఇనుప మడత కుర్చీని. కుర్చీ అన్నాక నాలుగు చోట్ల నలుగురూ దానికోసం పోటీ పడాలి, కనీసం కండువా వేసైనా ఆపుకోవాలి. నా మీద కూర్చోమంటే మాత్రం కళ్లెర్రజేస్తారు, చేతిలో కర్ర నేలకేసి కొడతారు, నేనేం చేశానని ఊరంతా వినబడేలా అడుగుతారు. విశాఖపట్నంలో చక్రాల బూట్లతో హాకీ ఆడేచోట, తప్పు చేసిన ఆటగత్తెలు రెండు నిమిషాలు కూర్చునే కుర్చీని మరి.

పుట్టింది గాజువాక దగ్గర ఒక వెల్డింగు షాపులో. అక్కడినుంచి షామియానాలు అద్దెకిచ్చే బంగార్రాజు నన్ను కొనుక్కెళ్లి, వీపు మీద ఎర్ర రంగుతో తన షాపు పేరు రాయించాడు. పెళ్లిళ్లు చూశాను, సన్మానాలు చూశాను. నా మీద కూర్చుని పెళ్లికొడుకు ముక్కు బాగాలేదన్న పెద్దమనిషే, పది నిమిషాలకి వేదికెక్కి ఆ ముక్కు పక్కనే పళ్లికిలించి ఫొటో దిగాడు. మనుషుల సంగతి నాకు అప్పుడే కొంత అర్థమైంది. ఒకసారి ఈ స్కేటింగు మైదానం ప్రారంభోత్సవానికి నన్ను అద్దెకి తెచ్చారు. చందా ఇచ్చిన ఒక భారీ మనిషి కూర్చునేసరికి నా వెనక కాలు వంగిపోయింది. సొట్టకాలి కుర్చీ నాకెందుకన్నాడు బంగార్రాజు. అలా ఇక్కడే ఉండిపోయాను.

మీరు టీవీలో ఐస్ హాకీ చూసే ఉంటారు. ఇదీ అంతే, ఐసు ఒక్కటే తక్కువ. విశాఖలో ఐసంటే చేపల మీద వేసేదే కదా, అందుకని మావాళ్లు గచ్చు మీద ఆడతారు. మోచేతి పోట్లూ, కర్రతో చక్రాలు లాగడాలూ, చొక్కా పట్టి గుంజడాలూ మాత్రం ఏమీ తగ్గించలేదు. కంపెనీలు జీతాలిచ్చి ఆడించే ఆడపిల్లల జట్లు ఇవి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటారో, మూలకి వెళ్లాక అంత పనీ చేస్తారు.

నా చోటు ఆ మూల కమ్మీల పక్కనే. ఆట నడుస్తుంటే నా ఎత్తుకి మొహాలు ఆనవు, కాళ్లే కనిపిస్తాయి. రిఫరీ గౌరునాయుడు మాస్టారు మొహాలు చూస్తాడు. మా ఇద్దరికీ ఎప్పుడూ అభిప్రాయం కలవకపోవడానికి అదే కారణం అనుకుంటాను. ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పైసా పుచ్చుకోడు. కానీ మహా మొహమాటస్తుడు. ముందు వరసలో పెద్ద అధికారి ఎవరైనా ఉంటే చీమ కుట్టినా ఈల వేస్తాడు. టీ తాగొచ్చాక కాలు విరిగినా ఆటలో మామూలే అంటాడు. ఒక పిల్లని పంపించేస్తే, పాపం అటువాళ్లు ఏమనుకుంటారోనని రెండో జట్టులోంచీ ఒకత్తెను పంపిస్తాడు. ఏడ్చినవాళ్ల మాట నమ్ముతాడు. ఇంతకంటే మంచివాడూ, ఇంతకంటే అన్యాయమైనవాడూ నాకు తగల్లేదు.

నా మీద అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది కనకం. పూర్తిపేరు కనకమహాలక్ష్మి. చేపల రేవులో అమ్మకం చేసే పోలమ్మ కూతురు. బంతి ఆపడంలో గట్టిది, మనిషిని ఆపడంలో ఇంకా గట్టిది. కూర్చున్న ప్రతిసారీ నానేటీ సెయ్యలేదని మొత్తుకునేది. చేసేదే, నేను చూశానుగా. అయినా ఆ పిల్లంటే నాకు ప్రాణం. తక్కినవాళ్లు దెబ్బ కొట్టి తామే పడిపోయి ఏడుస్తారు. కనకం కొట్టి నిలబడేది.

ఒక ఏడు ఫైనల్ ముందు జట్టు మేనేజరు రంగరాజుగారు కనకాన్ని పక్కకి పిలిచారు. కంపెనీ పరువు పోతోందన్నారు. ఈ ఒక్క ఆటలో ఆ కుర్చీలో కూర్చుంటే, వచ్చే ఏడాది ఒప్పందం ఉండదని నా మీద చెయ్యివేసి మరీ చెప్పారు. ఆ చెయ్యి నాకు చల్లగా తగిలింది. కనకం తలూపింది. ఆ పిల్లకి తెలిసింది ఈ ఆట ఒక్కటే.

ఆ రోజు కనకం ఆడిన ఆట చూస్తే నాకే కన్నీళ్లొచ్చాయి. డొక్కలో పొడిచినా, చొక్కా గుంజినా, పళ్లు బిగించుకుని బంతి వెనకాలే వెళ్లింది. ఎదుటి జట్టులో తులసి అని ఒక పిల్ల ఉంది. మొహం చూస్తే దేవుడి గదిలో పెట్టుకోవాలనిపిస్తుంది, కాళ్లు చూస్తే పోలీసుల్ని పిలవాలనిపిస్తుంది. చెరో రెండు గోల్స్ మీద, ఆట ముగియడానికి కొంచెం ముందు, ఆ తులసి నా మూలకొచ్చింది. కనకం కర్రని పైకెత్తి రెండు చేతులా పట్టుకుని ఒదిగింది. తులసి తన కర్ర తన చక్రాల్లోనే పెట్టుకుని, అమ్మా అని అరిచి దబ్బున పడింది.

గౌరునాయుడు మాస్టారు తలతిప్పాడు. పడున్నది తులసి, పక్కన నిలబడ్డది కనకం. ఇంకేం కావాలి? ఈల వేశాడు.

కనకం వచ్చి కూర్చుంది. రంగరాజుగారు అటు తిరిగి ఫోను తీశారు. పోలమ్మ కమ్మీల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"నిజంగా నానేటీ సెయ్యలేదమ్మా," అంది కనకం.

"ఒలే, సేసినప్పుడల్లా ఇదే మాటన్నావు. ఇప్పుడు ఎలా నమ్మమంటావే?"

ఎన్నడూ లేనిది, కనకం తలవంచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి పోలమ్మకే అనుమానం వచ్చింది. రేవులో తోటివాళ్లకి చూపించుకోడానికి కూతురి ఆట ఫోన్‌లో తీయడం ఆవిడకి అలవాటు. అప్పుడు తీసింది వేసి చూసింది. చూసి, ఆట మళ్లీ మొదలయ్యేలోపే కమ్మీల వెంట పరుగెత్తి, ఆ ఫోను తీసుకెళ్లి గౌరునాయుడు మాస్టారి ముక్కు దగ్గర పెట్టింది. ఈ లీగులో వీడియో చూసి తీర్పు మార్చే పద్ధతి లేదు, ఆయనకీ తెలుసు. అయినా చూశాడు. మొహమాటానికే చూసుంటాడు. చూశాక మాత్రం ఆయన మొహం మాడిపోయింది.

మెళ్లో ఈల తీసి రెండో రిఫరీ చేతిలో పెట్టి, నా దగ్గరికి నడిచొచ్చాడు.

"లేమ్మా. తప్పు నాది. ఆ రెండు నిమిషాలూ నేను కూర్చుంటాను."

కనకం నోరు తెరుచుకుని లేచింది. ఆయన కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. నా మీద అంత బుద్ధిగా కూర్చున్న మనిషి మరొకరు లేరు. మైదానం చప్పట్లతో అదిరిపోయింది. నాకైతే సొట్టకాలి మీదే గంతెయ్యాలనిపించింది.

కనకం లోపలికి దిగిన కాసేపటికే తులసి బంతి పట్టుకుని ఒంటరిగా గోలు మీదికి దూసుకొచ్చింది. గోల్‌కీపరు కాక అడ్డున్నది కనకం ఒక్కతే. కర్ర కొంచెం కిందికి పోనిస్తే చాలు, తులసి బోర్లా పడుతుంది, కప్పు కోసం ఇంకా కొట్లాడొచ్చు. ఇంతలో కమ్మీలమీంచి సగానికి పైగా వంగి ఎవరో అరిచారు. "పడగొట్టవే! పడగొట్టు!"

అరిచింది రంగరాజుగారు.

కనకం ఒక్క క్షణం అటు చూసింది. కర్ర బంతి కోసమే చాచింది. అందలేదు. గోలైపోయింది. కప్పు పోయింది.

ఆట ముగిశాక రంగరాజుగారు మండిపడుతూ వచ్చారు. ఒక్కసారి కాలడ్డం పెడితే ఏం పోయేదని అందరిముందూ అడిగారు.

"మరి ఆ కుర్చీలో కూకుంటే ఉద్దోగం లేదన్నారు గదా బాబూ," అంది కనకం, చెమట తుడుచుకుంటూ, మెల్లగానే. "మీకు కప్పు కావాలో, నాను బుద్దిగా ఉండాలో, వొచ్చే ఏడు ముందే తేల్చి సెప్పండి."

పోలమ్మ పకపకా నవ్వింది. గౌరునాయుడు మాస్టారు నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. రంగరాజుగారు దగ్గి, అక్కణ్ణించి జారుకుని, ఆ నెలలోనే ఒప్పందం కాగితం పంపారు. అందులో కుర్చీ మాట ఎక్కడా లేకుండా చూసుకున్నారట, వాళ్లూ వీళ్లూ చెప్పుకుంటుంటే విన్నాను.

కొత్త సీజను మొదలైంది. మొదటి ఆట, తులసి జట్టుతోనే. ఇంకా జనం సర్దుకుని కూర్చోనే లేదు. మూలలో కాళ్లు కలిశాయి, కర్ర తగిలింది, తులసి ఈసారి నిజంగానే పడింది. గౌరునాయుడు మాస్టారు దగ్గరికొచ్చి, వంగి మొదట కాళ్లవైపు చూసి, అప్పుడు ఈల వేశాడు.

కనకం వచ్చి నా మీద దబ్బున కూర్చుంది. అరవలేదు, మొత్తుకోలేదు. కాలుమీద కాలేసుకుని తల్లికి చెయ్యూపింది. హమ్మయ్య, మా ఇద్దరి ఉద్యోగమూ నిలిచిందనుకున్నాను.