కల్లుతో పొంగిన రొట్టె

తంగళ్ళపల్లిలో శైలజ ఇంటి పెరట్లో రొట్టెలు కాల్చడానికి ఇటుకలతో కట్టిన బట్టి ఒకటి ఉంది. సిరిసిల్లలోని ఓ బేకరీలో ఆమె ఆరేళ్లు పిండి పిసికింది, రొట్టెలు కాల్చింది. ఆ బేకరీ మూతపడ్డాక, ఇదే పని ఇంట్లో ఎందుకు చేసుకోకూడదని ఇటుకలు దింపించింది. కోడలు చెప్పిన కొలతల ప్రకారం బట్టి కట్టింది మామ పోశం. వయసులో ఉండగా మేస్త్రీల దగ్గర పనిచేసిన మనిషి. అప్పటినుంచి ఆ ఇంట్లో బ్రెడ్డూ బిస్కెట్లూ బయట కొనలేదు.

ఆ ఏడు చర్చిలో కోత పండుగ దగ్గరపడింది. పండిన దాంట్లోంచి దేవునికి కానుక తెచ్చి, అందరూ కలిసి భోంచేసే ఆదివారం అది. మటన్ కూరలోకి సిరిసిల్ల నుంచి బ్రెడ్డు తెప్పిద్దామని, చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి కూడినప్పుడు దాని పెద్ద గౌరవ్వ అంది. శైలజ లేచి నిలబడింది.

"నేను చేస్త అక్కా."

"ఎనభై మందికా? ఇంట్లనా?"

"బేకరీల దినాం రెండు వందల బ్రెడ్లు దింపేదాన్ని. ఇద్దరికొకటంటే నలభై. నాకదొక లెక్కనా?"

శనివారం పొద్దున్నే గిర్నిలో పట్టించిన గోధుమపిండిని, పొంగేందుకు ఈస్టు వేసి కలిపి మూత పెట్టింది. రెండు గంటలైంది, మూడైంది. పిండి వేసింది వేసినట్టే ఉంది. వేలితో నొక్కి చూస్తే బంకమట్టిలా దిగబడింది. ప్యాకెట్టు తిప్పి చూసింది. ఈస్టుకు తేదీ దాటిపోయింది. భర్త ప్రభాకర్ తను బట్ట నేసే సాంచెల షెడ్డు నుంచి బయటికొచ్చి సిరిసిల్లలో మూడు దుకాణాలు తిరిగి, ఎక్కడా లేదని ఫోన్ చేశాడు.

అత్త బాలవ్వ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"కల్లు పొయ్యరాదే. సాంచెల పనికి భీవండి పోయి ఉన్నప్పుడు మా పక్కింట్ల మంగుళూరామె ఉండె. ఇడ్లీ పిండిల కల్లు కలిపేది. గింత పిండి గిన్నెడయ్యేది."

కల్లును పులియబెట్టి నురగ తెచ్చేదీ ఈస్టేనని శైలజకు తెలుసు.

"పొంగుతది అత్తమ్మా. కని మందు కలిపిన కల్లు అద్దు, చెట్టు మీదికెల్లి దించిందే గావాలె."

ఎవరు తేవాలన్నదే చిక్కు. ప్రభాకర్ ఇంకా సిరిసిల్లలోనే ఉన్నాడు, బాలవ్వకు మోకాళ్ల నొప్పులు, శైలజ చేతులనిండా పిండి. మిగిలింది పోశం. పన్నెండేళ్ల కింద చర్చిలో అందరి ముందూ నిలబడి కల్లు ముట్టనని మాటిచ్చిన మనిషి. స్టీలు క్యాను తీసుకుని తాటిచెట్ల వైపు నడిచాడు.

గంటకు తిరిగొచ్చి క్యాను కోడలి ముందు పెట్టాడు.

"కల్లు గీసే సాంబయ్య నవ్విండు బిడ్డా. మళ్ళ అచ్చినవా పోశన్నా అన్నడు. నాకూ నోరూరింది, అబద్ధం జెప్ప. కని తాగలే."

"నాకెర్కనే మామా," అంది శైలజ.

పొంగని పిండిలోనే ఆ కల్లు పోసి, ఇంకొంత పిండి చల్లి, మోచేతులదాకా ముంచి పిసికింది. మూతపెట్టి, దుప్పటి కప్పి వదిలేసింది. తెల్లవారి చూస్తే పిండి గిన్నె అంచు దాటి మూతను లేపి ఉంది. చర్చికెళ్లే వేళకు నలభై బ్రెడ్లు బట్టిలోంచి దిగాయి. పైన తేనెరంగు, లోపల మెత్తన. లోపలెక్కడో కొద్దిగా పులుపు.

బయలుదేరేముందు పోశం ఆమెను పక్కకు పిలిచాడు.

"నేను క్యాను పట్టుకొని అస్తుంటే నలుగురు చూసిన్రు. తాగిండు అనుకుంటే అనుకోనీ. నువ్వు కల్లు ముచ్చట తియ్యకు. ఒక్కలు గూడ తినరు."

శైలజ బ్రెడ్ల గంప నెత్తికెత్తుకుంది.

అనుకున్నట్టే చర్చి గేటు దగ్గర గౌరవ్వ ఎదురైంది.

"మీ మామ మళ్ళ మొదలువెట్టిండటనే?"

శైలజ గంప దించింది. చుట్టూ ఆడవాళ్లు, మగవాళ్లు, మెట్ల మీద పాస్టరు దేవదాస్. అందరికీ వినబడేలా చెప్పింది.

"మా మామ చుక్క ముట్టలే. గా కల్లు నేనే తెప్పిచ్చిన. గీ బ్రెడ్లు పొంగింది దానితోనే. నా ఈస్టు పనిచెయ్యలే. కల్లుల మత్తు నిప్పులనే పోయింది. తినేటోళ్లు తినున్రి, అద్దనేటోళ్లకు అన్నమున్నది. మా మామను మాత్రం ఒక్క మాటనొద్దు."

పోశం తలవంచుకున్నాడు. గౌరవ్వ అందరివైపూ ఓసారి చూసి, గంపలోంచి ఓ బ్రెడ్డు తీసి విరిచింది. వాసన చూసింది. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు జరంత తక్కువైంది," అంది. మిగిలిన సగం పట్టుకెళ్లి పోశం చేతిలో పెట్టింది. "తప్పుగ అనుకున్న అన్నా. తిను."

"ముందు ప్రార్థన కానియ్యున్రి," అని దేవదాస్ మెట్ల మీంచి అంటే అందరూ నవ్వేశారు.

మధ్యాహ్నం కూర ఇంకా మిగిలి ఉండగానే బ్రెడ్లు అయిపోయాయి. పోశం మగవాళ్ల వరుసలో కూర్చుని, బట్టి ఎట్లా కట్టాలో చేతులతో కొలిచి చూపించాడు.

సోమవారం పొద్దున గౌరవ్వ ఐదు కిలోల గోధుమపిండి మోసుకొచ్చి పెరట్లో దింపింది.

"నాకు గూడ నేర్పు. ఎన్ని దినాలు వడుతది?"

"చేతులు కడుక్కో అక్కా," అంది శైలజ. "ఇయ్యాల్నే ఒక బ్రెడ్డు నువ్వే దింపుతవ్."