గుట్ట టవర్ ఎర్రబడితే

మంచువాన వస్తోందని రేడియో పొద్దుటి నుంచీ ఒకటే గోల. మా ఇంటర్నెట్ సహకార సంఘంలో టవర్లను కనిపెట్టుకుని ఉండే పాత కంప్యూటర్ నిన్ననే చచ్చింది. నాతో పనిచేసే ఓరెస్ట్ కొత్తదానిలో లినక్స్ వేసి, నిఘా సాఫ్ట్‌వేర్‌ని దాని సోర్స్ కోడ్ నుంచి కడుతున్నాడు. కూర్చున్నచోట కూర్చోడు, లేచినచోట నిలబడడు.

వాడి భార్య హాల్యాకి నెలలు నిండాయి. గుట్ట మీది ఇంట్లో ఒక్కతే ఉంది. ఊళ్ళోకి వచ్చెయ్యమంటే ఆవుల్ని ఎవరు చూస్తారందట. ఆమె ఫోన్ మా గుట్ట టవర్ మీదే పనిచేస్తుంది. టవర్ పనిచెయ్యడం ఆగితే వాడి ఫోన్‌కి వెంటనే సందేశం రావాలి.

"దీనికి కావలసిన లైబ్రరీ ఇంకోటి లేదంటోంది!" అని కంప్యూటర్ వంక చూస్తూ అరిచాడు.

"లేకపోతే పెట్టు. నామీద అరుస్తావేం?"

"ఒకడిని బతిమాలి తెస్తే, వాడు ఇంకొకడు లేందే కూర్చోనంటున్నాడు, గ్వెండా అక్కా!"

నాకూ కాలు నిలవడం లేదు. వాడికోసం వేడిచేసిన బంగాళదుంప కూరిన పెరోగీలు చల్లారిపోయాయి.

కాసేపటికి "అయిపోయింది!" అన్నాడు. తెరమీద టవర్లన్నీ పచ్చగా ఉన్నాయి. అంత తేలిగ్గా అయిందంటే నేను నమ్మను.

"ఏం తీసేశావురా?"

"ఏం లేదక్కా. మోడెమ్ లైబ్రరీ పెట్టినా దొరకలేదంటోంది. అది లేకుండానే కట్టమన్నాను."

తీగ పీకి చూడందే దేన్నీ నమ్మకపోవడం మా అలవాటు. గుట్ట టవర్‌కి వెళ్ళే తీగ పీకాను. తెర ఎర్రబడింది. బల్లమీద వాడి ఫోన్ మాత్రం కిమ్మనలేదు.

"సందేశం పంపేది ఆ మోడెమే కదరా, మహానుభావా!"

వాడి మొహం పాలిపోయింది. నాకు కోపం కంటే భయమే ఎక్కువేసింది. తీగ మళ్ళీ పెట్టేశాను.

"డెవ్ ప్యాకేజీ!" అని నెత్తి కొట్టుకున్నాడు. "లైబ్రరీ పెట్టాను గానీ, దాంతో కట్టడానికి కావలసిన డెవ్ ప్యాకేజీ పెట్టలేదక్కా!"

పెట్టాడు. మొదటినుంచీ మళ్ళీ కట్టాడు. ఈలోగా కిటికీ అద్దాలమీద మంచుపలుకులు టపటపలాడటం మొదలైంది. తీగ పీకాను. ఫోన్ మోగింది. తీగ పెట్టాను, తెర పచ్చబడింది. నాకు ఊపిరి తిరిగొచ్చింది. పెరోగీల గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టబోయాను.

ఫోన్ మళ్ళీ మోగింది.

"చాల్లే అక్కా, పనిచేస్తోందిగా. ఇంక పీకకు."

"నేను పీకలేదురా."

వాడు నా చేతుల వంక చూశాడు. రెండు చేతులూ గిన్నెకే ఉన్నాయి. తెరమీద గుట్ట ఎర్రగా వెలుగుతోంది. బండి తాళాలు లాక్కుని వాడు కోటైనా వేసుకోకుండా పరిగెత్తాడు. గిన్నె అక్కడే పడేసి, ఆ కోటు పట్టుకుని నేనూ వాడి వెనకే పరిగెత్తాను.