ఎనుముకు వేసే ఊసి

ఎలుకపిల్ల నోరు తెరిచి ఉంది. చప్పుడు లేదు.

ఏడుస్తోంది — ఆ ఏడుపు మనిషి చెవికి అందదు. తల్లి ఎలుకకు అందుతుంది.

పంజరం అవతలి మూల తల్లి ఒళ్లు నాక్కుంటోంది. పిల్లలు చెదిరి ఉన్నాయి. వేరే తల్లి అయితే ఒక్కొక్కదాన్నీ నోట కరచుకుని గూట్లో చేర్చేది. పరిశోధన చేసే కార్తీశ్వరి, ఈ తల్లికి కాన్పుకు ముందే మెదడులో మందు వేసింది. తల్లిని చేసే పెప్టైడ్ ఒకటి ఉంది — ఆక్సిటోసిన్. ఈ మందు దాని దారి మూస్తుంది.

మూసింది.

పక్క పంజరంలో ఈనని ఎలుక. దానికి ఆ పెప్టైడే ఒక చుక్క. అది పరాయి పిల్లలను గూట్లో చేర్చి, వాటి మీద పడుకుంది.

కార్తీశ్వరి చూస్తూ ఉంది. చూసేటప్పుడు చెయ్యి పెట్టకూడదు.

2001 ఆగస్టు. శనివారం విరుదునగర్‌లో బస్సెక్కింది. సాత్తూరు దాటింది. సొంతూరు కోవిల్‌పట్టిలో దిగింది.

వీధి మొదట్లోనే బిడ్డ ఏడుపు. వీధంతా వింటోంది.

అక్క మారీశ్వరి చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. కాన్పయిన నాటి నుంచీ అంతే. బిడ్డను రొమ్ముకు పెడితే పెట్టనిస్తుంది. తీస్తే తీయనిస్తుంది.

ఎదురింటి మునియమ్మాళ్ గడపలో నిలబడింది. "ఏమే మారీ, నీ బిడ్డను చూసేదానికి నీకు టిక్కెట్టు ఎత్తాల్నా?"

అక్క కదల్లేదు.

అమ్మ నాగమ్మాళ్ అగ్గిపెట్టెల కంపెనీ నుంచి వచ్చింది. కొంగుముడి విప్పి గేదెలకు వేసే సూదిమందు సీసా తీసింది.

"పాలకారి సంగిలిని అడిగి తెస్తిని. దూడ చచ్చిన ఎనుముకి ఈ ఊసే వేస్తాడు. పాలు విడస్తాది. దీనికీ వెయ్యి, పాపా."

కార్తీశ్వరి సీసాను అమ్మ చేతిలోనే తిప్పి చదివింది. ఆక్సిటోసిన్.

"కాన్పప్పుడు ఆస్పత్రిలో అక్కకి ఇదే ఎక్కించిరి అమ్మా. నరంలో వేస్తే గర్భసంచికి పోతాది. పాలకి పోతాది. మెదడుకి పోదు. రక్తానికీ మెదడుకీ నడుమ గోడ ఉండాది."

"ఎలకకి పోయెనా?"

"ఎలకకి తలలో తూటు వేసి విడిస్తిమి."

అమ్మ సీసాను గుప్పిట్లో పెట్టుకుంది.

"ఎలకకి తోవ చేస్తివే. మీ అక్కకి చేసేదానికి అవ్వలా?"

అవ్వదు, అనుకుంది కార్తీశ్వరి.

"మదురైలో డాక్టరుకి చూపిస్తాము."

"దానికి పిచ్చా?"

"పిచ్చి కాదమ్మా."

"అట్లైతే ఏంది?"

కాన్పయ్యాక కొందరికి వచ్చే ఆ జబ్బుకు కార్తీశ్వరి మాట కోసం వెతికింది. ఇంటి తెలుగులో లేదు. ఊరి తమిళంలో దొరకలేదు. ఇంగ్లీషులో ఉంది — అమ్మకు ఇంగ్లీషు రాదు.

ఎలుకకు దారి మూసింది తను. అక్కకు ఎవరు మూశారు?

బిడ్డ అక్క వీపుకు ఆనుకుని ఏడుస్తోంది. కార్తీశ్వరి ఎత్తుకుంది. ఎత్తుకుని — ఎందుకో — చాప అవతలి కొసన పడుకోబెట్టింది. వెనక్కి జరిగింది.

చూసింది.

పంజరం ముందు చేసేదే ఇక్కడా చేస్తోందని అప్పుడు తెలిసింది.

తెలిసినా చేతులు రాలేదు.

గడపలో మునియమ్మాళ్ మెడ సాచి చూస్తోంది. అమ్మ సీసా పట్టుకుని ఉంది. బిడ్డ వేళ్లు గాలిని పట్టుకుంటున్నాయి... విడుస్తున్నాయి...

అక్క ఇటు తిరిగింది.

బిడ్డను చూసింది. చెల్లెల్ని చూసింది.

పెదవులు కదిలాయి.

ఇల్లంతా బిడ్డ ఏడుపు. అక్క ఏమందో — ఎవరికీ వినబడలేదు.