తప్పు లేని బోరింగు

నేను ఒక బోరింగుని. సర్కారు కాగితాల్లో నన్ను చేతిపంపు అని రాసుకున్నారు గానీ, ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి ఇంతవరకూ నాకు ఎదురుపడలేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఇనుము అతికించి, జింకు పూత పూసి, నాలాంటి వందమందితో పాటు లారీకెక్కించి, అనంతపురం జిల్లాలో ఈ రేగటిపల్లిలో దింపిపోయారు. అది పెద్ద కరువు సంవత్సరం. నన్ను నిలబెట్టిన రోజున ఒక పెద్దమనిషి వచ్చి కొబ్బరికాయ కొట్టి, నా పిడి పట్టుకుని ఫొటో దిగి, దాహమేస్తే కారులోంచి సీసా తెప్పించుకుని తాగాడు. ఈ మనుషులతో నా కాపురం ఎట్లా ఉండబోతుందో అప్పుడే అర్థమైంది.

మొదటి ఇరవై ఏళ్ళు వీధి ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాను. వాళ్ళు ఒక్కో బిందె నింపుకునే లోపు ఊళ్ళో జరిగినవన్నీ, జరగనివి ఇంకొన్నీ నా చెవిన పడేవి. ఆ తర్వాత హైస్కూలుకు ప్రహరీ కట్టారు. కొలత తీసిన ఇంజినీరు ఏ ధ్యాసలో ఉన్నాడో, నేను గోడ లోపల పడ్డాను. ఆడవాళ్ళు ఊరుకుంటారా? మేస్త్రీని నిలబెట్టి కడిగేసి, గోడకు ఒక దారి పెట్టించుకున్నారు. అప్పటినుంచి నేను సగం బడి సొత్తు, సగం వీధి సొత్తు.

ఆ బడి సంగతి చెప్పకపోతే నా కథ మీ బుర్రకెక్కదు. పైకి మామూలు బడే, ఇంటర్ దాకా ఉంది. ఐదేళ్ళ కిందట ఖాదర్‌వలీ సారు హెడ్మాస్టరుగా వచ్చి దాన్ని తిరగేసి దులిపాడు. సర్కారు పరీక్షలు ఎటూ తప్పవు, అవి రాస్తారు. వాటి పక్కన ఇరవై నాలుగు నేర్పుల జాబితా ఒకటి పెట్టాడు. ఊరికి పనికొచ్చే పని ఒకటి ఎంచుకోవాలి. దానికి కావలసిన లెక్కలూ సైన్సూ తెలుగూ ఆ పని చేస్తూనే నేర్చుకోవాలి. చివరికి ఆ పని ఎవరికి అక్కరో వాళ్ళ ఎదుటే చేసి చూపాలి. చేను కొలిచినవాణ్ణి ఆ చేను రైతే పరీక్షిస్తాడు. పింఛను నియమాలు వివరించే పిల్లను వినే అవ్వలే పరీక్షిస్తారు. మధ్యలో అవ్వ కునుకు తీసిందంటే పిల్ల మళ్ళీ మొదటికి రావలసిందే. పని కుదిరితే కాగితం మీద ‘వచ్చింది’ అని రాస్తారు, కుదరకపోతే ‘ఇంకా రాలేదు’ అని. ఇంకా రాలేదంటే పోయి నేర్చుకుని మళ్ళీ రమ్మని. ఎన్నిసార్లయినా రావచ్చు.

ఊరు మొదట పగలబడి నవ్వింది. తర్వాత తననే పరీక్షాధికారిని చేశారని తెలిసి మీసం దువ్వుకుంది. జన్మలో బడి గడప తొక్కనివాళ్ళు కూడా ఉతికిన పంచె కట్టుకుని, పెన్సిలు చెవిలో పెట్టుకుని రావడం మొదలుపెట్టారు.

ఇక శివగంగ సంగతి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇరవై మూడు నేర్పులు వచ్చేశాయి. మిగిలింది ఒక్కటే, పాడైన యంత్రాన్ని బాగుచెయ్యడం. ఆమె నన్ను ఎంచుకుంది. అప్పటికి నా అడుగు వాల్వు అరిగిపోయి, యాభైసార్లు కొడితే గానీ చుక్క రాలడం లేదు. పరీక్ష అయ్యేవరకూ నన్ను ఎవరూ ముట్టుకోవద్దని సారు చెప్పాడు. ఆ ఒక్క కాగితం మీద ‘వచ్చింది’ పడితే పంచాయతీలోని పదకొండు బోరింగుల బాగోగులు ఈ ఏడాదికి శివగంగకే అప్పగిస్తామని సర్పంచి ఒప్పుకున్నాడు. పడకపోతే పాత మెకానిక్కే మళ్ళీ ఏడాదిపాటు. శివగంగ తల్లి చౌడమ్మ ఇంకో మాట చెప్పేసింది. పని దొరక్కపోతే సోమవారం బస్సుకు చిన్నమ్మతో కలిసి బెంగళూరు గార్మెంట్సుకు పోవాలి, ఇంట్లో కూర్చోబెట్టి మేపడం తన వల్ల కాదు. బడి ఎన్నిసార్లయినా ఆగుతుంది గానీ బస్సు ఆగదు కదా. పరీక్ష శుక్రవారం పెట్టారు.

పాత మెకానిక్కు పేరు మద్దిలేటి. కబురు పెడితే నెలా పదిరోజులకు వస్తాడు. వచ్చాక నన్ను తిట్టి, నన్ను పాడుచేశారని ఆడవాళ్ళను తిట్టి, అప్పుడు స్పానర్ తీస్తాడు.

బుధవారం మధ్యాహ్నం, పిల్లలంతా తరగతుల్లో ఉన్న వేళ, ఓబుళమ్మ మద్దిలేటిని వెంటబెట్టుకుని గోడ దారిలోంచి లోపలికి వచ్చింది. ఓబుళమ్మ అంటే మా వీధికి పెద్ద దిక్కు. పరీక్ష చేసే ముగ్గురు ఆడవాళ్ళలో మొదటిది ఆమె. మిగతా ఇద్దరూ వెనకాలే మరమరాల ఉగ్గాని, బజ్జీలు మోసుకొచ్చారు. ఎన్నడూ లేనిది మద్దిలేటి ఒక్క కబురుకే వచ్చాడంటే ఆ బజ్జీల మహిమే. ఆడవాళ్ళ చేత కూడా పైపులు లాగించి, వాల్వు మార్చి, వాషర్లు మార్చి, గొలుసుకు గ్రీజు పూసి, సాయంత్రం బడి గంట కొట్టకముందే నన్ను కొత్త పెళ్ళికొడుకును చేసేశాడు.

“యాల ఇంత తొందర?” అని అడిగాడు మూతి తుడుచుకుంటూ.

“నీకెందుకప్పా, తిన్నావు కదా, పో” అంది ఓబుళమ్మ.

దీన్ని మోసం అనుకునేరు. ఇది ఈ ఊరి అలవాటు. కలెక్టరు వస్తాడంటే ముందురోజు వీధి దీపం వెలుగుతుంది, గుంతల్లో మట్టి పడుతుంది, ఆసుపత్రి మంచానికి దుప్పటి పుడుతుంది. పరీక్ష అంటే అదే అని వాళ్ళు ముప్పై ఏళ్ళుగా చూసి నేర్చుకున్నారు. పిల్ల వచ్చి పిడి కొట్టగానే భళ్ళున నీళ్ళు రావాలి, సారు ‘వచ్చింది’ అని రాయాలి, పిల్ల ఊళ్ళోనే ఉండాలి. ఆ ప్రేమకు నేను తడిసిపోయాను. ఆ ప్రేమే పిల్ల కొంప ముంచబోతోందని మాత్రం తెలుస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున అందరూ చేరారు. ఆ పని చేసే మనిషి ఒకరు పరీక్షలో కూర్చోవాలని బడి నియమం. మండలంలో ఆ పని చేసేది మద్దిలేటి ఒక్కడే కాబట్టి ఆయన్నే పిలిచారు. ఆయన నన్ను చూశాడు, ఓబుళమ్మను చూశాడు, తాను తిన్న బజ్జీలు ఎందుకో అప్పుడు తెలుసుకున్నాడు. పోయి సారు పక్కన కూర్చున్నాడు.

సారు నియమం చదివాడు. ముందు వాడుకునేవాళ్ళను అడగాలి. స్పానర్ ముట్టకముందే తప్పేమిటో చెప్పాలి. తర్వాత బాగుచెయ్యాలి.

“ఏం కష్టమవ్వా?” అని అడిగింది శివగంగ.

“యాభై తూర్లు కొట్టినా నీళ్ళు రావడంల్యా బిడ్డా” అని ఓబుళమ్మ కంఠతా పట్టిన పద్యం అప్పగించింది.

శివగంగ పిడి పట్టుకుని కొట్టింది. రెండో దెబ్బకే ఆమె పాదాలు తడిశాయి. ఆడవాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఒకామె చప్పట్లు కూడా కొట్టబోయింది.

పిల్ల చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టింది, నెమ్మదిగా. చెవి నా ఒంటికి ఆనించింది. బోల్టుల మీద కొత్త గీతలు చూసింది, గొలుసు మీద పచ్చిగా ఉన్న గ్రీజు చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయింది. వాషర్లు అరిగినాయి అని ఒక్క అబద్ధం చెప్పి, నన్ను విప్పి, మళ్ళీ బిగిస్తే పని అయిపోతుంది. గోడ దగ్గర చౌడమ్మ ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు పెదాలు కదుపుతూ ఉంది.

నేనూ ఊరుకోలేదు. నా శాయశక్తులా పాడవ్వాలని చూశాను. గొలుసు తెంపుకుందామంటే గ్రీజులో హాయిగా జారుతోంది. వాల్వు వదిలేద్దామంటే అది కొత్తది, పట్టు విడవదు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడక్కుండానే వందసార్లు చెడిపోయినదాన్ని, అవసరమైన రోజున చేతకాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

శివగంగ స్పానర్ తీసి నేల మీద పెట్టింది.

“దీంట్లో తప్పేం లేదు సార్. ఎవరో మొన్ననో నిన్ననో బాగుచేసినారు. నేను చేసేదేం లేదు.”

సారు ఆడవాళ్ళ వైపు తిరిగాడు. ఓబుళమ్మ కొంగు సర్దుకుంది.

“మేమే చేపించినాం సార్. బిడ్డకు కష్టమని. పరీక్షంటే నీళ్ళు రావడమే కదా, వచ్చినాయి కదా, రాసేయండి.”

“ఆ యమ్మి బాగుచెయ్యంది నేనెట్లా రాసేదమ్మా?” అన్నాడు సారు. ఆయన గొంతులో బాధ ఉంది. అయినా పెన్ను కదల్లేదు. చౌడమ్మ నేల మీద కూలబడి, బస్సుకు బట్టలు సర్దాలని ఎవరితోనో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు మద్దిలేటి లేచాడు. ఆయన నోరు మూసుకుంటే చాలు, పదకొండు బోరింగులూ ఆయనవే. నేను ఆయన నుంచి ఇంకేమీ ఆశించలేదు.

“సార్, ఒక మాట. బుధవారం దీన్ని బాగుచేసింది నేనే. బజ్జీలు తిని చేసినా. ఇరవై ఏండ్లుగా ఈ పనిలో ఉండా. పిలిచినాక ఉత్త చేతులతో పోతే మర్యాద ఉండదని బాగుండే బోరింగులు కూడా ఎన్నో విప్పినా. తప్పు లేదని చెప్పి స్పానర్ కింద పెట్టేది నాకు ఇంకా రాలేదు సార్. ఈ యమ్మికి వచ్చింది. దర్గా కాడ చెడిపోయిన బోరింగు ఉండాది, దాన్ని ఇంకా ఎవురూ ముట్టుకోలేదు. పరీక్ష ఆడ పెట్టండి. నేను కూచుంటా.”

సారు సరేనన్నాడు. తర్వాత ఇంకో కాగితం తీసి, పరీక్షించడం అనే నేర్పు కింద ముగ్గురు ఆడవాళ్ళ పేర్లూ రాసి, మూడింటి పక్కనా ‘ఇంకా రాలేదు’ అని పెట్టాడు.

“ఈ వయసులో నన్ను ఫెయిలు చేస్తారా సార్?” అంది ఓబుళమ్మ.

“మా బళ్ళో ఫెయిలు లేదమ్మా. వచ్చే నెల మళ్ళీ రాండి.”

అందరూ దర్గా వైపు నడిచారు. నేను మాత్రం సిమెంటు దిమ్మలో కాళ్ళు పాతుకుని ఇక్కడే ఉండిపోయాను. దర్గా రెండు వీధుల అవతల. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు ఒకటి రెండుసార్లు వినిపించింది, అంతే. ఎండ నెత్తికెక్కింది. బడి పిల్లలు అన్నం తిని, నా దగ్గర ప్లేట్లు కడుక్కుని పోయారు. ఒక్కరికీ ఏమీ తెలియదు. నేను అంతగా ఎదురుచూసిన పూట ఇంకొకటి లేదు.

చివరికి వచ్చారు. ముందు శివగంగ, మోచేతుల దాకా నల్లటి గ్రీజు. వెనక చౌడమ్మ, ముఖంలో ఏమీ పలకనివ్వకుండా. ఆ వెనక మద్దిలేటి. ఎవరూ అడగకుండానే ఆయన వచ్చి నా పిడి పట్టుకుని కొట్టాడు. శివగంగ చేతులు నీళ్ళ కింద పెట్టింది.

చౌడమ్మ పక్కన నిలబడి, చేతులు శుభ్రమయ్యేదాకా చూసి, అప్పుడు అంది.

“సోమవారం మీ చిన్నమ్మ ఒక్కతే పోతాదిలే.”

శివగంగ తల ఎత్తలేదు. దోసిలి నిండా నీళ్ళు పట్టి ముఖం కడుక్కుంది, మళ్ళీ మళ్ళీ కడుక్కుంది. ముఖానికి గ్రీజు అంటలేదు. మద్దిలేటికీ అది కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన చెయ్యి ఆపలేదు, నేనూ నీళ్ళు ఆపలేదు.