లోపలికి వాలే మోకాలు

అయినా లోపలికి గుంజే రబ్బరు మోకాళ్లను బయటికి ఎలా నిలబెడుతుంది, ఈ సందేహం ఇన్నాళ్లూ తనకెందుకు రాలేదు, అనుకున్నాడు కోచ్ కనకరాజు, చిల్కానగర్ జిమ్‌లో పొద్దున్నే గొంతుక్కూర్చుని, ఎదురుగా దుర్గాభవాని భుజాల మీద అరవై కిలోల కడ్డీ, మోకాళ్ల పైన రెండు తొడలనూ చుట్టిన ఎర్ర రబ్బరు పట్టీ, స్క్వాట్‌కు దిగుతోంది, సగం దిగేసరికి ఎడమ మోకాలు మళ్లీ లోపలికి వాలింది, బయటికి నొక్కు భవానీ, బయటికి నొక్కు, మూడు నెలలుగా అదే మాట, బయట ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లకు తవ్వే మిషన్ లాగా ఆగకుండా అదే మాట, పట్టీ లోపలికి లాగితే మనిషి ఎదురు నెట్టాలి, నెట్టగా నెట్టగా తుంటి కండలకు పని అలవాటై మోకాలు పాదం మీదే నిలుస్తుంది, హబ్సిగూడ నెట్ సెంటర్లో వీడియో చూసి నేర్చుకున్న సంగతి, వీడియోలో ఆయన ఎంత ధీమాగా చెప్పాడో తనూ అంత ధీమాగా అందరికీ చెప్పాడు, అబద్ధమా అంటే కాదు, ఖాళీ కడ్డీతో ఈ పిల్ల మోకాళ్లు చక్కగానే నిలుస్తాయి, బరువు ఎక్కిస్తేనే ఇలా.

పదకొండు రోజుల్లో రాష్ట్ర పవర్‌లిఫ్టింగ్ పోటీ, మొన్న ఆమె కుంటుకుంటూ ఇంటికెళ్తే నిన్న వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ నాచారం ఫ్యాక్టరీ షిఫ్ట్ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది, బిడ్డ కాలు ఖరాబైతే ఎట్ల సారూ, జర సూడుండ్రి, అంది, చూస్తున్నానమ్మా అన్నాడు, నిజంగా చూశాడా, ఇవాళ ఫోన్ తీశాడు, ఆమె దిగుతుంటే పట్టీతో ఒకసారి, పట్టీ లేకుండా ఒకసారి వీడియో తీశాడు, మసక బొమ్మే అయినా తేడా తెలుస్తోంది, పట్టీ ఉన్నప్పుడే మోకాలు ఎక్కువ వాలుతోంది, ఇదెలా, పట్టీ తనే తొడుక్కుని అదే కడ్డీ ఎత్తుకుని దిగాడు, అట్టడుగున, లేవడానికే ఒంట్లో ఉన్న బలమంతా అయిపోతున్న చోట, పట్టీకి ఎదురు నెట్టే ఓపిక ఎక్కడిది, అక్కడ పట్టీదే పైచేయి.

ఇప్పుడు చెప్పాలి, పక్కన బెంచీల మీద నలుగురు వింటున్నారు, చెవులు వేడెక్కాయి, చెప్పకపోతే ఆ మోకాలు ఏమవుతుంది, పట్టీ తీసెయ్యి భవానీ, గింత బరువుకు అది పెట్టుడు నాదే తప్పు, అన్నాడు, ఆమె నవ్వింది, నాకెరుకే అన్నా, బరువెక్కితే అది లోపలికే గుంజుతది, మరి చెప్పలేదేంది అంటే, మీరు నొక్కు నొక్కు అనుడు ఆపితే గదా, అంది, కోపం రాలేదు, వింతగా ఇంకా తెలుసుకోవాలనిపించింది, దిగేటప్పుడు ఇంకేమైతది, అని అడిగాడు, ఎడమ మడమ ఆనదన్నా, ఏడో తరగతిల కబడ్డీ ఆడుతుంటే మడతపడ్డది, అప్పటిసంది చీలమండ సరిగ్గ వంగది, కిందికి పోయినకొద్దీ మడమ లేస్తది, గప్పుడే మోకాలు లోపటికి పోతది.

మడమ, మూడు నెలల్లో తను ఒక్కసారి కూడా అంత కిందికి చూడలేదు, చిన్న ఇనుప ప్లేట్లు రెండు తెచ్చి ఆమె మడమల కింద పెట్టాడు, పోటీలో వీటిని ఒప్పుకోరు, మడమ ఎత్తు బూట్లు ఎక్కడైనా దొరుకుతాయేమో, ముందు ఇది చూద్దాం, సగం బరువుతో ఆమె మెల్లగా దిగింది, అడుగుదాకా, మోకాలు కాస్త వణికింది, వాలలేదు, పాదం మీదే ఉంది, లేచింది, నొక్కు అనబోయి ఆగి, ఎట్లుంది భవానీ, అన్నాడు, జవాబు కోసం ఆమె ముఖంలోకి చూస్తుంటే అర్థమైంది, ఎదురుగా కూర్చుని ఎంత చూసినా కనిపించేది కొంతే, కడ్డీ మోస్తున్నది ఆమె, ఎక్కడ ఏం జరుగుతోందో ఆమెకు మొదటి నుంచీ తెలుసు, తనే అడగలేదు.