సబ్బన్న దిగాల్సిన రేవు

ఎర్ర సంచిని విప్పకూడదు. వేసిన ముడి వేసినట్టే ఉంచి, రెండు చేతులా ఎత్తి, ఒంటికి తగలకుండా ఉతికే డ్రమ్ములోకి జారవిడవాలి. దుప్పట్లలో కళ్లజోడు పోయిందనో గొలుసు చిక్కుకుందనో పై అంతస్తుల నుంచి ఎవరైనా వచ్చి బతిమాలితే మనసు మెత్తబడుతుంది. మెత్తబడకూడదు. వేడినీళ్లు తగలగానే సంచి దానంతటదే కరిగిపోతుంది, రోగి పడుకున్న పక్కబట్టలు మనిషి చేయి సోకకుండానే ఉతుక్కుంటాయి. సబ్బన్న డ్రమ్ము తలుపు మోచేత్తో మూసి, మీట నొక్కి వెనక్కి తిరిగేసరికి గోడవారన ఎర్ర సంచులు మళ్లీ పోగుపడి ఉన్నాయి.

ఓడలో వాంతులూ విరేచనాల జబ్బు పాకుతున్న సంగతి అందరికంటే ముందు లాండ్రీవాళ్లకే తెలుస్తుంది. పైన విహారానికి వచ్చినవాళ్లకు, భోజనశాలలో ఎవరికి వారు వడ్డించుకునే గరిటెలు మాయమై వడ్డించేవాళ్లు చేతి తొడుగులతో నిలబడితే తప్ప అనుమానం రాదు. కిందటి రేవులో బయలుదేరినప్పుడు అన్నీ మామూలు బట్టల తెల్ల సంచులే. ఇప్పుడు తెల్లవాటిని వెతుక్కోవాలి.

అతని అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తు లేదు. నడివయసు మనిషి, సన్నగా, కాస్త వంగి ఉంటాడు. ఇస్త్రీ రోలర్ల పక్కన ఏళ్ల తరబడి ఒకే వైపు నిలబడి ముఖం ఆ వైపే నల్లబడింది. కడిగి కడిగి వేళ్ల సందులు పగిలిపోయాయి. తలుపులు మోచేత్తో తీస్తాడు, లిఫ్టు మీట వేలి కణుపుతో నొక్కుతాడు, ఎవరైనా కరచాలనానికి చేయి చాపితే తల ఊపి ఊరుకుంటాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని రోజూ ఎవరికో ఒకరికి చెప్పనిదే అతనికి ముద్ద దిగదు. ఒకసారి జ్వరం దాచుకుని బల్లలు తుడుస్తున్న కుర్ర వెయిటర్ని తనే చేయి పట్టి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు, ఆ తర్వాత ఆ చేతిని ఎంతసేపు కడిగాడో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సబ్బన్న అని పేరు పెట్టినవాడు ఎప్పుడో వేరే ఓడకు మారిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

తమ్ముడు ప్రపంచమంతా చుట్టి వచ్చాడని అక్క ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకుంటుంది. లాండ్రీ నీటిమట్టానికి కింద ఉంటుంది, దానికి కిటికీ కూడా లేదు. సబ్బన్న చూసిన ప్రపంచమంతా దుప్పట్లూ తువ్వాళ్లే. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచింది అక్కే. బావ మంచం పట్టాక ఆమె పిల్లలు చేతికి అందివచ్చేదాకా అతను ఓడ దిగే మాటే ఎత్తలేదు. ఎత్తకపోతే ఎవరూ అడగలేదు కూడా. పిల్లలు స్థిరపడ్డాక గాని, తమ్ముడికి పెళ్లి వయసు దాటిపోయిందని అక్కకు గుర్తు రాలేదు. అప్పుడు మాత్రం హడావుడిగా సంబంధం చూసింది.

అక్క చూసిన ఆవిడ బడిపిల్లల వ్యాను నడుపుతుంది. భర్త పోయి చాలాకాలమైంది, కూతురు తన కాపురం తాను చేసుకుంటోంది. మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ సబ్బన్న చేతుల వంక చూసి, వీటికి ఏం రాస్తున్నారని అడిగింది. ఏమీ రాయనని అంటే వ్యానులోంచి వాజెలీన్ డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ చేతులు చూసి నవ్వని మనిషి అతనికి తగలడం అదే మొదలు. ఆ సాయంత్రమే మనసు ఇచ్చేశాడు. ఆ మాట ఆవిడతో అనడానికి మాత్రం ఇంకో ప్రయాణం పట్టింది.

రిజిస్ట్రారు ఆఫీసులో మొదట పెట్టుకున్న తేదీ ఇలాంటి జబ్బు వల్లనే తప్పిపోయింది. అప్పుడు ఏ రేవూ ఓడను దగ్గరికి రానివ్వలేదు. ఒడ్డున దీపాలు కనిపిస్తూనే ఉన్నా లంగరు వేసుకుని పడి ఉండాల్సి వచ్చింది. ఆవిడ ఆఫీసు బెంచీ మీద తలుపులు మూసేదాకా కూర్చుని ఇంటికి వెళ్లింది. రెండోసారి తేదీ పెట్టుకున్నప్పుడు ఫోన్లో ఒకటే మాట అంది.

"పిల్లాడి గుమ్మం ముందు నేను రెండు హారన్లు కొడతానండీ. మూడోది కొట్టను. మిగతా పిల్లలకి ఆలస్యమైపోతుంది కదా."

కోపంగా అనలేదు, తన బండి పద్ధతి చెప్పినట్టే చెప్పింది. ఆ రెండో తేదీ ఎల్లుండి. ఈసారి ఇంకా ఏ రేవూ అడ్డు చెప్పలేదు, ఓడ రేపు పొద్దున ఆవిడ ఊరి రేవుకే చేరుతుంది. పిల్లల్ని దింపేసి వ్యాను వేసుకుని గేటు దగ్గరికి వస్తానని చెప్పింది. ఎర్ర సంచి ఎత్తినప్పుడల్లా, ఒక్క రోజు, ఈ ఒక్క రోజు గడిస్తే చాలని సబ్బన్న లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు.

పొద్దుటి టీ వేళకు గదికి వెళ్లి తలుపు తోసేసరికి కింది మంచం మీద బాబాయ్ గోడవైపు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. బాబాయ్ అంటే వంటశాలలో కూరగాయలు తరిగే పెద్దాయన. రక్తసంబంధం ఏమీ లేదు, కింది మంచం ఆయనది, పై మంచం ఇతనిది, అదే చుట్టరికం. ఆ వేళకు ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని ఉండాల్సిన మనిషి. గదిలో వాసన తగలగానే సబ్బన్నకు సంగతి తెలిసిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"రాత్రి నించి. నువ్వు నిద్రపోతున్నావు. కడుపులో ఏమీ మిగల్లేదురా."

ఓడలో పద్ధతి ఇద్దరికీ తెలుసు. జబ్బు పడ్డవాణ్ణి డాక్టరు తీసుకుపోతాడు. అతనితో గది పంచుకున్నవాణ్ణి ఒంట్లో ఏమీ లేకపోయినా వేరే గదిలో పెట్టి తలుపు మూసేస్తారు. ఏ రేవు వచ్చినా దింపరు.

బాబాయ్ మోచేతి మీద లేవబోయి లేవలేకపోయాడు. "చెప్పకు. పొద్దున నువ్వు మెట్లు దిగిపో. నువ్వు దిగిన మరుక్షణం నేనే డాక్టరు దగ్గరికి పోతా. ఒక్క రాత్రే కదరా. నీ పెళ్లి రెండోసారి కూడా చెడిందంటే, నా మూలంగా, నేను భరించలేను."

సబ్బన్నకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇంకెవరైనా ఈ మాట అని ఉంటే చెవి మెలేసి లాక్కుపోయేవాడే. కాని అన్నది తన కోసం జబ్బు దాచుకున్న మనిషి. ఆయన్ని ఈ రోజు కూరల దగ్గరికి పోనివ్వకపోతే సరిపోతుంది కదా, ఎవరికీ అంటదు కదా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. అలా నచ్చజెప్పుకుంటున్నప్పుడే అది తప్పని అతనికి తెలుసు. పొద్దున ఆయన వంటశాలకు వెళ్లే ఉంటాడు, కూరలు ఆయన చేతుల మీదుగానే వెళ్లి ఉంటాయన్న ఆలోచన రాగానే దాన్ని అవతలికి నెట్టేశాడు. గది అంతా మందునీళ్లతో తుడిచి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు సీసాలో పోసి తలగడ పక్కన పెట్టి, వంటశాలకు వెళ్లి పెద్ద వంటవాడితో బాబాయ్‌కి నడుం పట్టేసిందని చెప్పాడు. ఈ వయసులో నడుం పట్టక పిల్లనిస్తామని వచ్చి పట్టుకుంటారా అని పెద్ద వంటవాడు నవ్వాడు. సబ్బన్న కూడా నవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత పనంతా దొంగకు తేలు కుట్టినట్టే సాగింది. మనుషులు చాలక, తువ్వాళ్ల బండి తోసుకుని అతన్నే పై అంతస్తుకు వెళ్లమన్నారు. పొడుగాటి నడవాలో ఒక్కటే తలుపు కొంచెం తెరుచుకుని ఉంది. లోపలి నుంచి ఓ పెద్దావిడ తువ్వాలు చుట్టిన చేత్తో గడియ పట్టుకుని చూస్తోంది. పిల్లలు బలవంతాన టిక్కెట్టు కొని పంపించారట. ఎక్కిన దగ్గర నుంచి అరటిపళ్లు తప్ప ఏమీ తినడం లేదట, అవి కూడా తనే ఒలుచుకుంటోందట. హాయిగా ఉంటుందని వచ్చి నా ప్రాణానికి నేనే కాపలా కాసుకుంటున్నాను నాయనా అని నవ్వింది. నవ్వు ఆగిపోయాక గొంతు తగ్గించింది.

"పైవాళ్లు చెప్పరు. నువ్వు చెప్పు. జబ్బు బాగా ఉందా?"

ప్రయాణికులు అడిగితే ఏమనాలో పనివాళ్లందరికీ నేర్పి ఉంచారు. "అంతా మామూలేనండీ" అన్నాడు సబ్బన్న.

పెద్దావిడ అతని పగిలిన వేళ్ల వంక చూసింది. "చేతులు ఇంతలా కడుక్కునేవాడివి. నువ్వంటే నమ్ముతాను" అని, మనసు కుదుటపడి, ఈ పూట కాస్త అన్నం తెప్పించుకుంటానని తలుపు వేసుకుంది. అన్నం వద్దమ్మా, అరటిపళ్లే తినండి అనబోయాడు. మూసిన తలుపు ముందు తువ్వాళ్ల బండి పట్టుకుని కాసేపు నిలబడి, ఆ మాట అనకుండానే ముందుకు తోసుకుపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం రెండుసార్లు గదికి పరుగెత్తాడు. మొదటిసారి బాబాయ్ నీళ్లు రెండు గుక్కలు తాగి, పెళ్లయ్యాక వ్యానులో ముందు సీటు నీదా, పిల్లలదా అని వేళాకోళం ఆడాడు. రెండోసారి చూస్తే సీసాలో నీళ్లు ఇంకేమీ తగ్గలేదు. కళ్లు లోపలికి పోయాయి. చేతి మీద చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. సబ్బన్నను చూసి వేరెవరి పేరో పెట్టి పిలిచి, బియ్యం కడిగావా అని అడిగాడు.

సబ్బన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇంకొక్క రాత్రి. కళ్లు మూసుకుని ఈ రాత్రి గడిపేస్తే పొద్దున మెట్లు దిగిపోవచ్చు. ఆ ఆలోచన ఎంత నిదానంగా, ఎంత తియ్యగా వచ్చిందో చూసుకుని భయపడ్డాడు. లేచి ఫోను ఎత్తి డాక్టరు గదికి చెప్పాడు. ఎప్పటి నుంచని అవతల అడిగితే, రాత్రి నుంచి, నాకు తెలిసింది పొద్దున, అని అబద్ధం లేకుండా చెప్పాడు.

ముఖాలు కప్పుకున్న మనుషులు ఇద్దరు వచ్చి బాబాయ్‌ని చక్రాల మంచం మీదికి ఎత్తారు. ఎత్తుతుండగా ఆయనకు ఓ క్షణం తెలివి వచ్చింది.

"చెప్పేశావా? ఎందుకురా, పిచ్చోడా" అన్నాడు. మంచం నడవా మలుపు తిరిగిపోయింది.

సబ్బన్నను ఎవరూ లేని ఓ ప్రయాణికుల గదిలో పెట్టి బయటి నుంచి గడియ వేశారు. కిటికీ లేని లోపలి గది. గోడకు టీవీ, మంచం మీద తెల్లటి దుప్పటి. ఆ దుప్పటి రోలర్ల మీదికి ఎక్కించింది తనే అయి ఉంటుంది. ఇన్నేళ్ల ఓడ బతుకులో అలాంటి పక్క మీద పడుకోవడం అదే మొదలు, పడుకోబుద్ధి కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది పెట్టె సంగతి. దిగేవాళ్ల పెట్టెలు ముందురోజే గది బయట పెట్టేస్తే పనివాళ్లు పోగుచేసి, రేవు రాగానే అన్నిటికంటే ముందు దింపేస్తారు. సబ్బన్న తెల్లవారకముందే పెట్టేశాడు. అందులో కొత్త చొక్కా ఉంది, ఎండలో బండి నడిపే మనిషికని కొన్న నల్ల కళ్లద్దాలు ఉన్నాయి. తలుపు దగ్గరికి వచ్చిన నర్సుతో చెబితే, పెట్టెల పోగులో అడుగున పడిపోయి ఉంటుందని, ఇప్పుడు వెతకడం కుదరదని అంది.

ఆవిడకు ఫోను చేశాడు. వ్యాను ఆపుకుని మాట్లాడుతోంది, వెనక పిల్లల గోల వినిపిస్తోంది. పొద్దున గది తలుపు తీసిన దగ్గర నుంచి అన్నీ చెప్పాడు. నడుం నొప్పి అబద్ధం, అరటిపళ్ల పెద్దావిడ, ఏదీ దాచలేదు. ఆవిడ చివరిదాకా వింది.

"మీరు రాలేకపోతున్నారని నాకు కోపం లేదండీ" అంది చివరికి. "పొద్దున తెలిసి సాయంత్రం దాకా ఊరుకున్నారు చూడండి. నేను పొద్దున్నే ఇంతమంది పిల్లల్ని ఎక్కించుకుని పోయే మనిషిని. ఊరుకునే మనిషితో ఎలా అని ఆలోచిస్తున్నాను."

"నిజమేనండీ" అన్నాడు సబ్బన్న. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

తెల్లవారుతుండగా ఇంజన్ల హోరు ఆగింది. ఓడ రేవు చేరిందని ఆ నిశ్శబ్దమే చెప్పింది. కాసేపటికి నర్సు తలుపు అవతల నిలబడి, బాబాయ్ పోయాడని చెప్పింది. ఒంట్లో నీరంతా ఇంకిపోయిందట, గుండె తట్టుకోలేదట.

"నిన్న పొద్దునే చెప్పి ఉంటే?" అని అడిగాడు తలుపుకు నుదురు ఆనించి.

"అది ఎవరం చెప్పలేమండీ" అంది నర్సు. ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. సబ్బన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, అలవాటు చొప్పున వెళ్లి చేతులు కడుక్కుని, ఎందుకు కడుక్కున్నాడో తెలియక తడి చేతులతోనే మంచం అంచున కూర్చున్నాడు.

టీవీ పెడితే సినిమాలూ పాటలూ పోయాక ఒక చానల్లో ఓడ కెమెరా చూపించే బొమ్మ వచ్చింది. రంగు వెలిసిన బొమ్మ, శబ్దం లేదు. రేవు గచ్చు, షెడ్డు, గేటు, దింపిన పెట్టెల వరుసలు. ఒక్కొక్కరే దిగి, తమ పెట్టె పట్టుకుని, ఓడ వంక వెనక్కి కూడా చూడకుండా గబగబా పోతున్నారు. వరుసలు పలచబడి, పలచబడి, చివరికి ఒక్కటే మిగిలింది. మామూలు గోధుమరంగు పెట్టె, పిడికి గుర్తు కోసం చుట్టిన దుప్పటి అంచు ముక్క. ఎవరి బండో తగిలి పక్కకు పడి ఉంది.

అతను రెప్ప వేయకుండా గేటు వంకే చూస్తూ కూర్చున్నాడు. బడి గంట కొట్టే వేళ దాటిపోయింది. ఇక రాదనుకున్నాక పసుపుపచ్చ వ్యాను ఒకటి వచ్చి గేటు బయట ఆగింది. ఆవిడ దిగి కాపలావాడితో ఏదో మాట్లాడి లోపలికి వచ్చింది. పెట్టె దగ్గర నిలబడి, తలెత్తి ఓడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఏ కిటికీ అని వెతుకుతోంది కాబోలు. తనకు కిటికీ లేదని చెప్పడానికి సబ్బన్నకు దారి లేదు. జబ్బు ఓడలోంచి దిగిన పెట్టె, ముట్టుకోవద్దండీ అని టీవీకే చెప్పాడు.

ఆవిడ వంగి, పడిపోయిన పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నిలబెట్టింది. దాని మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. ఆ చేతిని కొంగుకు గాని, రుమాలుకు గాని తుడుచుకోలేదు, అది మాత్రం సబ్బన్న బాగా చూశాడు. పెట్టెను అక్కడే వదిలేసి నడిచి వెళ్లి వ్యాను ఎక్కింది.

వ్యాను వెళ్లిపోయాక గేటు వేశారు. మోకులు విప్పారో ఏమో, మంచం కింద నేల మెల్లగా అదిరింది, టీవీలో రేవు ఒక పక్కకు జరగడం మొదలుపెట్టింది. షెడ్డు పోయింది, గేటు పోయింది. బొమ్మ అంచున, ఎండ పడుతున్న ఖాళీ గచ్చు మీద, పెట్టె ఆవిడ నిలబెట్టినట్టే నిలబడి ఉంది.