తాడు పట్టుకునే పని

బావగారు కొత్త టోపీ పెట్టుకుని వచ్చారు. దాని మీద బంగారు దారంతో లంగరు బొమ్మ కుట్టి ఉంది. పడవలు నడపడం మీద లావుపాటి పుస్తకం ఒకటి మూడు వారాల్లో చదివేశారట. జెట్టి మీద కాలు పెట్టింది మొదలు ఆ మాట మూడుసార్లు చెప్పారు.

ఆయన తమ్ముడు పోయి నాలుగు నెలలైంది. తమ్ముడి తెరచాప పడవ ఇకమీదట తన ఇంటి దగ్గరి రేవులో ఉండాలని ఆయన తీర్మానించారు. "తాడు పట్టుకోవడం తప్ప నీకేం వచ్చమ్మా? పదహారేళ్లు ఇందులో తిరిగావు, కాదనను. బస్సెక్కినవాళ్లంతా డ్రైవర్లవుతారా?" అని మరదల్ని నలుగురిలో అడిగారు. పందెం వేసిందీ ఆయనే. దేనికీ తగలకుండా బయటికి తీసినవాళ్లదే పడవ.

ఆమె సరేనంది.

పడవ ముక్కు గట్టుకేసి పెట్టుకుని ఇరుకు సందులో నిలబడి ఉంది. కుడి పక్క గట్టు నుంచి నీళ్లలోకి చాచిన చెక్క వంతెన. ఎడమ పక్క మూరెడు దూరంలో ఎవరిదో తెల్లని పెద్ద పడవ. వెనక్కి తీయడం తప్ప దారి లేదు. కాపలాదారు పొడవాటి కర్ర ఒకటి పట్టుకుని ముందే వచ్చి నిలబడ్డాడు.

బావగారు తాళ్లన్నీ విప్పి, చివరగా పడవ తోక దగ్గర వంతెన గుంజకు చుట్టిన తాడు మీద చెయ్యి వేశారు.

"అదుంచండి బావగారూ."

"కట్టేసిన పడవ కదులుతుందటమ్మా?" అని నవ్వి, దాన్నీ విప్పి, పాము చుట్టలా అందంగా చుట్టి పెట్టారు.

ఈ ఇంజన్ వెనక్కి తిరిగితే తోకను ఎడమకు ఈడుస్తుంది. పడవ వేగం అందుకునేదాకా చుక్కాని ఎటు తిప్పినా వినదు. అదీ ఆ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆ పేజీ దగ్గర బావగారికి కునుకు పట్టి ఉంటుంది. తోక ఎడమకు పోయింది. ఆయన చుక్కానితో కుస్తీ పట్టారు, ఇంజన్‌ని తిట్టారు, వేగం పెంచారు. తెల్ల పడవకు వేలాడే రబ్బరు దిండు నలిగి కుయ్యిమంది.

"గాలి! ఉన్నట్టుండి గాలి కొట్టింది!"

"గాలా అయ్యగారూ? మీ టోపీ అయినా కదల్లేదే!" అంటూ కాపలాదారు కర్రతో పడవను మళ్లీ లోపలికి నెట్టాడు.

ఆమె పడవెక్కింది. బావగారు దిగారు. చుట్టిన తాడు విప్పి ఒక కొస పడవ తోకకు కట్టింది. రెండో కొస అందుకోవడానికి కాపలాదారు చెయ్యి చాచాడు. ఆమె దాన్ని బావగారి చేతిలో పెట్టింది.

"గుంజకు ఒక చుట్టు వేసి, కొద్దికొద్దిగా జారనిస్తూ బిగువుగా పట్టుకోండి. నేను వదలమన్నప్పుడు వదలండి. నాకొచ్చిన పని ఇదొక్కటే కదా, మీకూ వస్తుందేమో చూద్దాం."

ముందు వదిలితే తోక పక్క పడవను గుద్దుతుంది. ఆలస్యమైతే ముక్కు గుద్దుతుంది. ఆమె ఓడిపోవాలని ఆయనకు లేకపోలేదు. కానీ తాడు పట్టుకోవడం కూడా చేతకాలేదని కాపలాదారు చేత అనిపించుకోవడం ఆయన వల్ల కాదు. ఆమె ఆ గర్వాన్నే నమ్ముకుంది.

ఇంజన్ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. తాడు బిగిసింది. తోక ఎడమకు పోబోయి ఆగి, వంతెన పక్కనే జరుగుతూ వచ్చింది. పదహారేళ్లూ జెట్టి మీది జనం మెచ్చుకున్నది చుక్కాని పట్టిన భర్త చేతినే. ఆయన మాత్రం ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు, వదులు అని చెప్పలేదు. తోక పక్క పడవను దాటగానే, వెనక కూర్చున్న ఆమె చేతిలోని తాడు దానంతటదే వదులయ్యేది.

ఇవాళ ఆమె వెనక్కి తిరిగి చూడవలసి వచ్చింది. బావగారి తెల్లబడిన వేళ్లనే చూస్తూ ఉంది.

"వదలండి."

ఆయన వదిలారు. ముక్కు కూడా దేనికీ తగలకుండా బయటపడింది.

"నన్నెక్కించుకోవా?" అన్నారు బావగారు వంతెన మీంచి.

"బయట గాలెక్కువ బావగారూ. టోపీ పోతుంది."

తడిసిన తాడు పైకి లాగి చుట్టింది. తాను ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీగా ఉంటే, దాన్ని అక్కడ పెట్టింది.